అరవై చుట్ల గొంతు

మొన్న ఆదివారం మా చర్చిలో నేను సోలో పాడాను. ఒక్కదాన్నే. అందరి ముందూ. నవ్వకండి, ముందు ఆ టీ తాగండి, చల్లారిపోతోంది! పాడాను, మధ్యలో ఆగకుండా పాడాను, మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ మెచ్చుకోలు ఉంది చూశారూ, అది విన్న దగ్గర్నుంచి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మీరే చెప్పాలి. మొదట్నుంచీ చెప్తాను, నడుమ అడ్డం రాకండి.

నా గొంతు మీకు అలవాటైపోయింది కాబట్టి మీకేమీ అనిపించదు. కొత్తవాళ్లు మాత్రం నేను మాట్లాడగానే నా వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని చూస్తారు. షాపులో టెలిఫోను నేనెత్తితే అవతలివాళ్లు “ఆదాబ్ భాయ్ సాబ్!” అంటారు. నేనూ “ఆదాబ్” అనేసి ఆర్డరు రాసుకుంటాను. ఎన్నిసార్లని సరిదిద్దుతాం! చిన్నప్పుడు మెదక్ బోర్డింగులో, సాయంత్రం ప్రార్థనకు నేను నోరు తెరిచిన మొదటి రోజే టీచరమ్మ పాట ఆపించి, “ఆడపిల్లల నడుమ ఆ పిలగాడెవడే?” అని వరుసంతా వెతికింది. దొరికింది నేను. ఆ తర్వాత రెండేళ్లు పెదవులు మాత్రమే కదిపాను.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఈ ఊరొచ్చాను. నాంపల్లిలో మా చర్చికి జీవరత్నం సార్ పాటల మాస్టరు. బళ్లో లెక్కలు చెప్పే మనిషి, పాట కూడా లెక్క చేసినట్టే నేర్పుతారు. నా గొంతు ఒక్కసారి విని, “బిడ్డా, నువ్వు మగోళ్ల వరుసల నిలబడు. గాడ కలుస్తది నీ గొంతు,” అన్నారు. అంతే, ఆరేళ్లుగా కోట్లు తొడుక్కున్న మగవాళ్ల చివర ఒక తెల్లచీర. నాకున్నది ఒక్కటే కోరిక. ఒక్కసారి సోలో పాడాలి. ప్రతి ఏడూ కోత పండుగ ముందు అడుగుతాను. ప్రతి ఏడూ “చూద్దాం తియ్” అంటారు. ఆ పాట ఎవరో ఒక సన్నటి గొంతు అమ్మాయికి పోతుంది.

ఇక షాపు సంగతి. ఆబిడ్స్‌లో గ్రామఫోను ప్లేట్లమ్మే కౌంటరు వెనక నా కొలువు. రేడియోలో వారానికోసారి పాటలకు ఒకటో నంబరు, రెండో నంబరు అని వరుస కట్టి వినిపిస్తున్నారు కదా, అది విన్నప్పటి నుంచి మా సేఠ్‌కు కుదురు లేదు. బళ్లో ఉండే నల్లబోర్డు ఒకటి కొనుక్కొచ్చి వాకిట్లో రోడ్డుకు కనబడేట్టు వేలాడదీశాడు. ఆ వారం మా షాపులో ఎక్కువ పోయిన పది ప్లేట్ల పేర్లు శనివారం శనివారం నేను సుద్దముక్కతో రాయాలి. బస్సు కోసం నిలబడ్డవాళ్లకు అదో కాలక్షేపం. “నా పాట నాలుగోదా? ఎట్లైతది?” అని నా మీదికి కొట్లాటకొచ్చినవాళ్లూ ఉన్నారు, నేనేదో పరీక్షలో మార్కులు తగ్గించినట్టు.

షాపులో మిషన్లు రెండు. లోపల కరెంటుది. దాని మీద అన్నీ మంచి ప్లేట్లే వేస్తాం. వాకిట్లో ఇంకోటి, చావి తిప్పి ఆడించే పాత బాజా, పెద్ద హారన్‌ది. దాని మీద తమాషా ప్లేట్లు తప్ప వెయ్యకూడదని సేఠ్ హుకుం. ఒకడు మూడు నిమిషాలు నవ్వడం తప్ప ఇంకేమీ చెయ్యని ప్లేటు, రైలు స్టేషను అరుపుల ప్లేటు, మేకలాగా రాగం తీసేవాడి ప్లేటు. “మంచి గొంతు లోపలికొచ్చినోళ్లకు, వింత గొంతు బయట పోయేటోళ్లకు,” అంటాడు సేఠ్. వింత గొంతుకు జనం ఆగుతారు, ఆగినవాళ్లు లోపలికొస్తారు, అదీ ఆయన వ్యాపారం.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. పిల్లల నాటకం కోసం జీవరత్నం సార్ ఒక సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని మా షాపుకొచ్చారు. నాటకంలో రైలు స్టేషను ఉందట. అందుకని రైలు ప్లేటులో చాయ్‌వాడు, పండ్లవాడు, కూలీ అరిచే అరుపులన్నీ రాసుకోవాలట. ప్లేటు వేశాను. ఆయన రెండు ముక్కలు రాసేలోపల బండి స్టేషను దాటిపోతోంది.

“జర మెల్లగ తిప్పు రూతమ్మా, చెయ్యి అందుతలేదు!”

ఆ బాజాకు వేగం సరిచేసే ఒక చిన్న పుల్ల ఉంటుంది. దాన్ని నేను నిదానం వైపుకు జరిపాను. చాయ్‌వాడు తీరుబడిగా అరిచాడు, సార్ తీరుబడిగా రాసుకున్నారు, సంతోషంగా వెళ్లిపోయారు. నేను పుల్లను వెనక్కి జరపలేదు.

మా షాపులో ఒక పద్ధతుంది. సోమవారం పొద్దున్నే ప్లేటు కింద ఒక కాగితం చీటీ బయటికి కనబడేట్టు పెట్టి, గడియారం చూసుకుంటూ, నిమిషంలో ఆ చీటీ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలి. డెబ్బై ఎనిమిది చుట్లు రావాలి. రెండు మిషన్లకూ చెయ్యాలి. నేను లోపలిదానికే చేసేదాన్ని. తమాషా బాజాకు లెక్కేమిటి, నవ్వేవాడు నిదానంగా నవ్వితే ఎవడి సొమ్ము పోయింది అనుకున్నాను. నిజానికి ఆ నవ్వే మనిషి గొంతు ఆ మధ్య బరువెక్కినట్టు నాకూ అనిపించింది. పాపం, ప్లేటు అరిగిందనుకున్నాను!

ఆ వారమే మద్రాసు నుంచి కొత్త సరుకొచ్చింది. అందులో ఒక ప్లేటు, ఎవరో కొత్త అమ్మాయి పాడింది. గాజులమ్మేవాడితో ఒక ఇల్లాలు బేరమాడే పాట. కంపెనీవాళ్లు దాని మీద ‘హాస్యం’ అని అచ్చు వేశారు కాబట్టి సేఠ్ తిన్నగా వాకిట్లో బాజా మీదికి పంపాడు. సూది పెట్టాను.

అబ్బ, ఏం గొంతండీ! బరువుగా, దర్జాగా, ఒక్కో మాటా నమిలి నమిలి, ఆవిడ అడుగుతున్నది గాజులు కాదు, గోల్కొండ కోట అన్నట్టుంది! రిక్షావాడు రిక్షా ఆపేశాడు. బస్సు దిగినవాళ్లు ఎటు పోవాలో మరిచి నిలబడ్డారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు, నవ్వుతూనే “ఇంకోసారి వెయ్” అన్నారు. నేను నవ్వలేదు. చేతిలో సూదుల డబ్బా అట్లాగే ఉండిపోయింది. అది నా గొంతు! ఎక్కడో మద్రాసులో నా గొంతే ఉన్న ఒక ఆడది, నాలాగా పెదవులు మాత్రమే కదిపి ఊరుకోకుండా, నోరారా పాడింది. దాన్ని ఒక కంపెనీ ప్లేటు వేసింది. మూడో రోజుకు మా దగ్గరున్నవన్నీ అయిపోయి మళ్లీ తెప్పించాం.

మొదటి శనివారం బోర్డు మీద తొమ్మిదో నంబరు. రెండో శనివారం మూడు. మూడో శనివారం ఒకటి! ఆ ఒకటో నంబరు నేనెంత పెద్దగా రాశానంటే, పదో పాటకు చోటు మిగల్లేదు. కోఠి నుంచి కాలేజీ అమ్మాయిలు గుంపులుగా వచ్చేవాళ్లు. ఆ గొంతును అనుకరించి అచ్చం దింపాలని చూసి దగ్గు తెచ్చుకునేవాళ్లు. నాకు లోపల ఎంత గర్వమో! సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెప్తాను. కంపెనీ అడ్రసు మీద ఆ గాయనికి ఉత్తరం రాశాను. ‘అక్కా, మీ మగగొంతు విన్న తర్వాత నాకు ధైర్యం వచ్చింది’ అని. నాంపల్లి పోస్టు డబ్బాలో నా చేతుల్తో నేనే వేశాను. ఇంకా జవాబు రాలేదు. రాకపోతేనే మంచిది.

ఆ ధైర్యంతోనే జీవరత్నం సార్‌ను షాపుకు పిలుచుకొచ్చి వాకిట్లో నిలబెట్టాను. పాట వేశాను. ఆయన తలవంచుకుని విన్నారు. రెండోసారి వేయించుకున్నారు. చుట్టూ జనాన్ని చూశారు, బోర్డు చూశారు.

“ఆడామెనేనా?” అన్నారు.

“ఆడామెనే సార్. ప్లేటు మీద పేరుంది చూడున్రి.”

“గిసొంటి గొంతుకు గిరాకీ ఉన్నదా!”

“ఒకటో నంబరు సార్,” అన్నాను. “ఈసారన్న కోత పండుగకు నాకు...”

 ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ జేబులోనే పెట్టుకుని, “సరే బిడ్డా. పాడు,” అన్నారు. పోతూ పోతూ ఒక ప్లేటు కూడా కొనుక్కుని, పేపర్లో చుట్టించుకుని, ఎవరూ చూడకుండా చంకలో పెట్టుకుని పోయారు.

రెండు వారాలు వంటింట్లో సాధన చేశాను. మూడో రోజు పక్క పోర్షనామె తలుపు తట్టి, “మీ ఇంట్ల ఎవలో చుట్టం దిగిండు, పాటలు మంచిగ పాడుతుండు,” అంది. నాకు కోపం రాలేదు చూడండి! అంత సంతోషంగా ఉన్నాను.

పండుగ ఆదివారం. ముందురోజు శనివారం మధ్యాహ్నం, నాంపల్లి స్టేషను దగ్గర గ్రామఫోన్లు, స్టవ్వులు, తాళాలు బాగుచేసే రహీం చాచా మా షాపుకొచ్చాడు. చంకలో ఆ గాజుల ప్లేటు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“రూతమ్మ బేటీ, మీరు ఏం ప్లేటు అమ్ముతున్రు? నాంపల్లిల బాజాలన్నిటికి ఒక్కపారే పిచ్చిలేసింది!”

“ఏమైంది చాచా?”

“ఏమైందా? ఒక్కొక్కడు బాజా నెత్తిన పెట్టుకొని వస్తుండు. ‘చాచా, నా బాజా జోరుగ ఉరుకుతున్నది, గాజుల పాట చిన్నపోరి పాడినట్టొస్తున్నది, జర మెల్లగ చెయ్’ అంటడు. చేస్త. తీస్కపోతడు. తెల్లారి మళ్ల నా ముంగట నిలబడతడు. ‘చాచా, గాజుల పాట మంచిగైంది గని, మిగిలిన ప్లేట్లన్ని దయ్యం పట్టినట్టు మూలుగుతున్నయ్!’ అంటడు. నలభై ఏండ్లసంది గీ పని చేస్తున్న. నా చెయ్యే ఖరాబైందా అని ఫికరైతున్నది!”

సేఠ్ లేచొచ్చాడు. రహీం చాచా వాకిట్లో బాజా చూశాడు. మనిషి నాడి చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టాడు. జేబులోంచి బీడీకట్ట కాగితం చింపి ప్లేటు కింద పెట్టి, ఇంకో జేబులోంచి గడియారం తీసి, లెక్క మొదలుపెట్టాడు. వాకిట్లో నిలబడ్డ జనానికి ఏం తెలుసు, వాళ్లూ కలిసి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఇరవై దాటక ముందే తెలిసిపోయింది. రైలు ప్లేటు, నోటుబుక్కు, చాయ్‌వాడి తీరుబడి అరుపు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి.

“యాభై తొమ్మిది, అరవై. బస్! నిమిషం అయిపోయింది,” అన్నాడు చాచా.

“ఎవలు జరిపిన్రు గీ పుల్లను?” అన్నాడు సేఠ్.

“నేనే సేఠ్.”

చాచా పుల్లను సరిచేసి మళ్లీ సూది పెట్టాడు. హారన్‌లోంచి ఒక చిన్న గొంతు వచ్చింది. సన్నగా, తియ్యగా, గబగబా. ఏ పెళ్లిలోనైనా, ఏ బడిలోనైనా వినబడే గొంతే. పాపం ఆ పిల్ల మంచిగానే పాడింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని మెల్లగా జారుకున్నారు. నేను కౌంటరు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాను. ప్లేట్లు తిరిగొస్తాయన్న బాధ కాదండీ నాది. నా గొంతు ఉన్న ఇంకో ఆడది ఈ లోకంలో లేదు. ఐదు వారాలు ఉన్నట్టే అనిపించింది, ఇప్పుడు లేదు, అంతే. మరి రేపు నేనే మొహం పెట్టుకుని పాడాలి?

అప్పుడే ఒకాయన వచ్చాడు, రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తా. గాజుల పాట కావాలన్నాడు. సేఠ్ నిజాయితీపరుడు, ఉన్న సంగతి చెప్పి, సరిచేసిన బాజా మీద వినిపించాడు. ఆయన మొహం అదోలా పెట్టాడు.

“గది కాదు. నిన్నటి దాకా వినబడిన గొంతు కావాలె.”

“ఆ గొంతు ఎవలిదీ కాదు సాబ్. పుల్ల జరిపితె వచ్చింది.”

“ఎట్లనన్న రానీ. నాకు గదే కావాలె. మా ఇంట్ల బాజాకు పుల్ల ఎంత జరపాల్నో రాసియ్యున్రి.”

రహీం చాచా నవ్వుతూ బాజా మీద సుద్దతో గీత గీసి చూపించాడు. ఆయన ప్లేటు తీసుకునే పోయాడు. నేను కౌంటరు కింద నుంచి లేచి ఆయన పోయినవైపే చూశాను. సాయంత్రం బోర్డు రాసే వేళకు సేఠ్‌ను అడిగాను, ఏం రాయమంటారని. “పోయిన ప్లేట్లు పోయినయే గద. ఒకటో నంబరే రాయి,” అన్నాడు. ఈసారి చిన్న అక్షరాలతో రాశాను.

ఆదివారం పొద్దున్నే జీవరత్నం సార్ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మోసం చేసి సోలో పాడానన్న పేరు నాకొద్దు. చివర్లో “ఈసారి పాట వేరే ఎవలికన్న ఇయ్యున్రి సార్” అన్నాను. అనేటప్పటికి నా కళ్లల్లో నీళ్లున్నాయి, దాచుకోలేదు.

ఆయన మండిపడతారనుకున్నాను. మండిపడ్డారు కూడా, కానీ వేరే దానికి! “అట్లనా! పది దినాలసంది మా ఇంట్ల క్రిస్మస్ ప్లేట్లన్ని సమాధుల తోటల పాడినట్టొస్తున్నయ్! నేను కూడ బాజా చాచా దగ్గరికి పంపి మెల్లగ చేయించుకున్న!” అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, తనలో తాను, “ఆ దినం మెల్లగ తిప్పుమన్నది ఎవలు? నేనే గద,” అనుకున్నారు.

“మరి నా పాట సార్?”

“ఇయ్యాల్టి ఆరాధన కాగితాల మీద నీ పేరు అచ్చయింది బిడ్డా. నీ గొంతు నిన్న ఎట్లున్నదో ఇయ్యాల గట్లనే ఉన్నది. మారింది బాజా. పో, చీర కుచ్చిళ్లు సదురుకో.”

మీరెప్పుడూ మా కోత పండుగ చూడలేదు కదా. పంటలో మొదటి భాగం దేవుడి ముందు పెడతారు. ఆ రోజు వరికంకులు, గుమ్మడికాయలు, బెల్లం దిమ్మలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. ఆరాధన అయ్యాక ఆరుబయట వేలం. సికింద్రాబాద్ నుంచి కూడా చుట్టాలు పక్కాలు వస్తారు, చర్చి నిండిపోతుంది. నా పేరు పిలిచారు. మగవాళ్ల వరుసలోంచి బయటికొచ్చి గుమ్మడికాయల పక్కన నిలబడ్డాను. మొదటి మాట పలికాను. ముందు వరుసలో ఆడవాళ్లు గుసగుసలు ఆపి తలలెత్తారు. ఎవరూ నవ్వలేదు. రెండో చరణంలో ఒక కోడి ఏదో అంది, దానికి కూడా ఎవరూ నవ్వలేదు. నా గొంతు పైకప్పు దాకా పోయి మళ్లీ నా దగ్గరికే రావడం విన్నాను. బాగుంది! నిజంగా చెప్తున్నాను, నాకే బాగుందనిపించింది. అంత సంతోషం నాకు ఈ మధ్యలో ఎప్పుడూ లేదు.

పాట అయింది, ఆరాధన అయింది, బయట వేలం దగ్గర నా చుట్టూ ఆడవాళ్లు మూగారు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దామె నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ నన్ను చూడడం అదే మొదలు.

“ఏం దింపినవమ్మా! అచ్చం ఆ గాజుల ప్లేటు లెక్కనే! మా ఇంట్ల కూడ ఉన్నది, మా అబ్బాయి దానికోసం బాజా మెల్లగ తిరిగేటట్టు సరిచేయించిండు కూడ. గంత బరువు గొంతు ఎట్ల తెచ్చినవే తల్లీ?”

“తెచ్చింది కాదండీ,” అన్నాను.

“అబ్బో! ఇంకా ఆ గొంతుతోనే మాట్లాడుతున్నది!” అని పక్కనున్నవాళ్లను పిలిచింది. అందరూ ఒకటే నవ్వు. “ఇగ చాలు తియ్, నీ అసలు గొంతుతో ఒక ముక్క పాడు, విందాం.”

“ఇదే నా అసలు గొంతండీ!” అన్నాను, ఉన్న గొంతంతా పెట్టి.

ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. “ప్లేటామె కూడ నీ ముంగట బలాదూరే!” అంది. జీవరత్నం సార్ గుమ్మడికాయ చంకలో పెట్టుకుని ఇదంతా వింటున్నారు. నాకు సాయం రాకుండా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు.

ఏం చెయ్యమంటారు చెప్పండి? పెద్దావిడ, చేతులు వదలడం లేదు, వెనక కోళ్ల వేలం మొదలైపోయింది. గొంతు నొక్కిపట్టి, బోర్డింగు టీచరమ్మ ముందు కూడా నాకు చేతకానంత సన్నగా చేసి, “థాంక్సండీ” అన్నాను.

“ఆ! గిదీ నీ గొంతు!” అని ఆవిడ నా చేతులు వదిలేసింది. “గిది మామూలుగనే ఉన్నది తియ్.”

ఆ రోజు మొత్తానికి నేను చేసిన మిమిక్రీ ఆ ఒక్క ముక్కే. దాన్ని మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు.